వెలిసిపోని ఎరుపు

కుంపటిగూడెంలో ఎండకు కార్ల మీది రంగు వెలిసిపోయి యజమానుల ఒంటికి ఎక్కడం ఏటా జరిగేదే కాబట్టి, స్వరూప నుదురు ఎర్రబడిన రోజు ఎవరూ ఆశ్చర్యపోలేదు. మార్చి దాటితే ఆ బొగ్గుగనుల ఊళ్ళో ఇది మామూలే. ముదురు నీలం కారున్న కిరాణా కొట్టాయన నీలం చెవులతోనే సరుకులు తూచేవాడు. నల్లకారు కొన్నవాళ్ళు పెళ్ళిచూపులన్నీ శివరాత్రి లోపే ముగించుకునేవాళ్ళు. వెండిరంగు వాళ్ళకు మోచేతుల దగ్గర కాస్త మెరుపు వచ్చేది, పౌడరుతో సరిపోయేది. తెల్లకార్ల వాళ్ళకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. తెలుపు నుంచి ఎండ పట్టుకుపోయేదేమీ లేదని రవాణా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది.

అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళంతా తెల్లకార్లు కొన్నారు. ఆఫీసు ఆవరణలో ఉన్న ఒక్క వేపచెట్టు నీడనూ ఆ కార్లకే కేటాయించారు. వెలిసిపోని రంగుకు నీడెందుకని ఎవరైనా అడిగితే, అవసరం ఉన్నవాళ్ళకు ఇస్తే చాలదు కాబట్టి అవసరం లేనివాళ్ళకు ఇస్తున్నామని చెప్పేవారు. అడిగినవాళ్ళు తలూపి ఎండలోకి వెళ్ళిపోయేవాళ్ళు.

స్వరూప ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పేది. ఏరికోరి ఎర్రకారు కొంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు నడిరోడ్డు మీద బండి ఆపేస్తారు. మిట్టమధ్యాహ్నం తళతళలాడే తారురోడ్డు మీద తెల్లకారు బొగ్గు లారీవాళ్ళ కంటికి ఆనదు. ఎరుపైతే దూరం నుంచే కనబడుతుంది. ఆ ఎరుపును నిలబెట్టడానికి ఆమె వారం వారం పాలిష్ పట్టించింది, మందపాటి కవరు కప్పింది. అయినా మొదటి ఎండాకాలానికి బానెట్ గులాబీ రంగుకు తిరిగింది. రెండో ఎండాకాలానికి పైపొర పొక్కులు లేచి, ముట్టుకుంటే చేతికి సున్నంలా అంటింది. కారు ఎంత తెల్లబడితే స్వరూప అంత ఎర్రబడింది. నుదురు, మెడ, భుజాలు, చివరికి వేళ్ళ కణుపులు కూడా.

ఫిట్‌నెస్ తనిఖీకి వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టరు శేషగిరి బానెట్ మీద వేలు రాసి, అంటిన పొడిని చూసుకున్నాడు.

“రికార్డుల ఎరుపని ఉంది. ఇది ఎరుపు కాదు.”

“ఎరుపే సార్. ఎండకు పోయింది.”

“ఎటు పోయింది?”

“నా మీదికొచ్చింది. కనబడ్తలేదా?”

శేషగిరి నిదానస్తుడు. రంగుల అట్ట తెచ్చి ఆమె మోచేతి పక్కన పెట్టి చూశాడు. కంపెనీవాళ్ళు చెప్పిన ఎరుపుకు వెంట్రుకంత తేడా లేదు.

“అయితే రికార్డుల ఉన్న వాహనం మీరేనమ్మా,” అన్నాడు.

ఆ మాటలో కోపం గానీ ఎగతాళి గానీ లేవు. దారి కూడా ఆయనే చూపించాడు. కారు మొదటి నుంచీ తెల్లదేనని సంతకం పెడితే చాలు. ఒంటి మీది ఎరుపు చెమటపొక్కులని డాక్టరు రాసిస్తాడు. ఊళ్ళో చాలామంది అలాగే బయటపడ్డారు.

“కొన్నది ఎర్రకారు సార్. తెల్లదని ఎట్ల రాయాలె?”

“రాస్తే ఏం పోతది?”

“ఎరుపు పోతది.”

శేషగిరి, ఆమె మనసు మార్చుకోదని తెలిశాక తనిఖీ మొదలుపెట్టాడు. నడిపించి, ఉన్నట్టుండి ఆగమన్నాడు. ఆగింది. బ్రేకులు బాగున్నాయి. గొట్టంలోకి ఊదమన్నాడు. పొగ లేదు. హారన్ మోగించమంటే స్వరూప ఆయన ముఖంలోకి చూస్తూ తన పేరు గట్టిగా చెప్పింది. ఆవరణంతా వినబడింది. నంబరు ప్లేటు కారు నుంచి విప్పి ఆమె మెడలో వేశారు. నంబరు లేని తెల్లకారును చూసి గేటు కావలివాడు ఎవరో పెద్దాయన బండి అనుకుని సెల్యూట్ కొట్టి, దగ్గరుండి వేపచెట్టు కింద పెట్టించాడు.

వాహనానికి ఉండే నియమాలన్నీ ఇక ఆమెకు వర్తించాయి. వాహనం మరో వాహనం ఎక్కకూడదు కాబట్టి బస్సులో రానిచ్చేవారు కాదు. రోడ్డుకు ఎడమవైపునే నడవాలి. నీడ కేటాయింపు లేదు కాబట్టి ఎండలోనే నిలబడాలి. స్వరూప అన్నీ పాటించింది, కారు నేర్పే బడి మాత్రం మూయలేదు. నేర్చుకునేవాళ్ళు తెల్లకారు నడుపుతుంటే తాను దాని ముందు నడిచేది. ఆమెను చూసి బొగ్గు లారీలు దూరంలోనే ఆగిపోయేవి.

ఆమె దగ్గర నేర్చుకున్న జమీలా అనే దర్జీ పాత ఆకుపచ్చ కారొకటి కొనుక్కుంది. ఒకరోజు బుగ్గల మీద లేతాకుల రంగుతో వచ్చి నిలబడింది.

“కవరు కప్పలేదా?” అంది స్వరూప.

“తీసి పడేసిన అక్కా. సంతకం పెట్టుమన్నరు, పెట్టలే.” జమీలా మెడలోని ప్లేటు సరిచేసుకుంది. “ఆకుపచ్చ నాకు మంచిగనే ఉంటదట, మా అమ్మ అన్నది.”

ఆ నెలలో చాలా ఇళ్ళ ముందు కార్ల మీది కవర్లు కనబడకుండా పోయాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాఫీపొడి రంగు, పసుపు, వంకాయ రంగు ఆడవాళ్ళు మెడల్లో నంబర్లతో కూరగాయలు కొనడానికి రాసాగారు.

మునిసిపల్ ఎన్నికలు మేలో వచ్చాయి. స్వరూప ముందు నడుస్తుంటే జమీలా వెనక తెల్లకారు నడుపుకుంటూ పోలింగ్ కేంద్రానికి వచ్చింది. కేంద్రం ముందు ముగ్గుతో గీత గీసి ఉంది. కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

“బండ్లు గీత దాటొద్దు.”

“నేను ఓటెయ్యాలె.”

“ఓటు మనిషి ఏస్తడు గదమ్మా. నీ మెడల నంబరుంది.”

జమీలాను కూడా దిగమన్నాడు. తర్వాత తెల్లకారుకు సెల్యూట్ కొట్టి, ఇద్దరు హోంగార్డులతో దాన్ని మెల్లగా లోపలికి నెట్టించాడు. ఎన్నికల అధికారి జాబితా తిరగేశాడు. వాహనం స్వరూప అయినప్పుడు, స్వరూప ఎవరన్న ప్రశ్నకు జవాబుగా కారే మిగిలింది. చిరునామా సరిపోయింది. బంపరు ఎడమ చివర సిరా చుక్క పెట్టి తెర వెనక్కు పంపారు. అది ఎవరికి ఓటేసిందో రహస్యం కాబట్టి ఎవరూ చూడలేదు.

స్వరూప ఇదంతా గీత అవతలి నుంచి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వైపర్లు లేవు కాబట్టి చేత్తో తుడుచుకుంది. తర్వాత సరిగ్గా గీత మీదికి వచ్చి నిలబడింది.

“ఈడ ఆపితే లాగేస్తరు,” అన్నాడు కానిస్టేబుల్.

“లాగుండ్రి. బ్రేకేసిన.”

జమీలా వచ్చి పక్కన నిలబడింది. తర్వాత వంకాయ రంగామె, పసుపామె, పేరు తెలియని ఇంకొందరు వచ్చారు. గీత నిండిపోయింది. ముందుకు వెళ్ళనివ్వకపోతే ఏ బండైనా చేసే పనే వాళ్ళూ చేశారు. ఒక్కొక్కరూ తన పేరు తాను గట్టిగా మోగించారు. పోలింగ్ ముగిసేదాకా మోగిస్తూనే ఉన్నారు. లోపల ఓట్ల పని ప్రశాంతంగా సాగింది.

మర్నాడు పేపర్లో ట్రాఫిక్ వార్తల కింద రెండు వాక్యాలు వచ్చాయి. పోలింగ్ కేంద్రం వద్ద వాహనాలు అడ్డదిడ్డంగా నిలపడంతో రాకపోకలకు అంతరాయం కలిగిందని, పరిమితికి మించి హారన్ మోగించినవాటిని తనిఖీకి పిలిచారని ఉంది.

స్వరూప తనిఖీకి బయల్దేరింది. దారిలో వెనక నుంచి శేషగిరి తెల్లకారు హారన్ కొట్టింది. ఆమె పక్కకు తప్పుకోలేదు. ఆయన కిటికీ దించి తల బయటపెట్టాడు.

“జర పక్కకు జరగమ్మా, ఆఫీసుకు పోవాలె.”

“నేను సుత ఆడికే సార్. వెనకనే రాండ్రి.”

ముందు వాహనం ఉంటే దాని వెనకే వెళ్ళాలి. శేషగిరికి అందులో వింతేమీ తోచలేదు. ఆమె నడిచినంత మెల్లగా, ఆఫీసు దాకా వెనకే నడిపాడు. గేటు దగ్గర కావలివాడు తెల్లకారుకు సెల్యూట్ కొట్టి వేపచెట్టు వైపు దారి చూపించాడు. స్వరూపకు ఎండ వైపు చెయ్యి చూపించాడు.

ఎండలో అప్పటికే చోటు లేదు. అక్కడున్న ఆడవాళ్ళు కాస్త సర్దుకుని, మధ్యలో ఆమెకు జాగా ఇచ్చారు.