మంత్రిగారి వీధికి మినహాయింపు

నగరంలో ట్రాఫిక్ రద్దీని సమూలంగా, శాశ్వతంగా, పైసా ఖర్చు లేకుండా నిర్మూలించబోతున్నట్లు రవాణా మంత్రిగారు ప్రకటించినప్పుడు సభలో చప్పట్లు కొట్టనివారు లేరు. రావలసినవారిలో సగం మంది దారిలో ఇరుక్కుపోవడం వల్ల ఆ చప్పట్లు కొంత పలుచగా వినిపించాయి గాని, అందులో మంత్రిగారి తప్పేమీ లేదు.

ప్రకటనకు కారణం ఉంది. వచ్చే చట్టసభ సమావేశాలలోగా రద్దీ సూచిక సగానికి దిగకపోతే ఆ శాఖను మరొకరికి ఇచ్చేస్తానని ప్రభుత్వాధినేత ఆయనకు చెప్పేశారు. ప్రభుత్వాధినేతను పార్టీలో అందరూ పెద్దాయన అంటారు. మంత్రిగారి ఇంటికి ఎదురిల్లు మాది కావడం వల్ల తరువాత జరిగినదంతా దగ్గరగా చూసే భాగ్యం నాకు దక్కింది.

ముందుగా ఒక ప్రొఫెసరును పిలిపించారు. ఊరు చిన్నదిగా ఉన్న రోజుల్లో రోడ్లన్నీ సైకిలు చక్రం పుల్లల్లా నడిమి కూడలిలో కలిసేలా వేశారనీ, ఊరు పెరిగి పుల్లలు పొడుగయ్యాయే తప్ప పుల్లకూ పుల్లకూ మధ్య అడ్డరోడ్లు పడలేదనీ ఆయన వివరించారు. అందుచేత పక్క పేటకు వెళ్ళాలన్నా కూడలి దాకా వచ్చి పోవలసిందే. ఊరు రెండింతలైతే కూడలి మీద ఒత్తిడి రెండింతలతో ఆగదు. అడ్డరోడ్లు వేయడానికి ఏళ్ళు పడతాయని చెప్పి, లేచే ముందు, ఒక్కోసారి ఒక దగ్గరదారిని మూసేసినా రద్దీ తగ్గవచ్చునని మాటవరసకు అన్నారు.

మంత్రిగారు ఆ మాటవరసను పట్టుకున్నారు.

మర్నాడే మార్కెట్టు వెనుక సందును మూయించారు. జీవితమంతా రిబ్బన్లు కత్తిరించిన చేతులతో ఆనాడు రిబ్బను కట్టారు. ముడి కుదరకపోతే చీఫ్ ఇంజనీరుగారు వేలు అడ్డం పెట్టి సహకరించారు.

సూచిక నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందో చీఫ్ ఇంజనీరుగారు విన్నవించుకున్నారు. సూచిక అంటే నగరంలోని రోడ్లన్నిటి సగటు. మూసిన రోడ్డు మీద బండి ఉండదు గనుక దాని రద్దీ సున్నా.

"అంటే ఎన్ని మూస్తే అంత తగ్గుతుందా?" అన్నారు మంత్రిగారు.

"లెక్కప్రకారం తగ్గుతుందండి. బండ్లు మాత్రం ఎక్కడికీ పోవు. మిగిలిన రోడ్ల మీదే..."

"లెక్కప్రకారం తగ్గితే చాలయ్యా."

తరువాత వీధి వెంట వీధి మూతపడింది. మూతపడిన చోట జనం కుర్చీలు బయట వేసుకుని పేపరు చదువుకున్నారు, నడివీధిలో దుప్పట్లు ఆరేశారు. అది చూసి మిగతా వీధులవాళ్ళు తమ వీధి కూడా మూయమని సిఫారసులు పట్టుకుని తిరగసాగారు. సూచిక సగానికి దిగిన రోజున పెద్దాయన మంత్రిగారి భుజం తట్టారు.

ఆ ఊపులో మిగతావన్నీ మూతపడ్డా, ఒక్క వీధిని మాత్రం మూయడానికి వీల్లేకపోయింది. మంత్రి నివాసమున్న వీధిని భద్రతా కారణాల వల్ల ఎన్నడూ మూయకూడదని నిబంధన. మిగతా మంత్రులంతా ఊరి వెలుపలి క్వార్టర్లలో ఉంటారు. మామగారిచ్చిన ఇల్లన్న మమకారంతో మా వీధిలో ఉంటున్నది ఈయన ఒక్కరే. పర్యవసానంగా, ఊళ్ళోకి వచ్చే బండ్లకూ ఊరు దాటిపోయే బండ్లకూ మా వీధి ఒక్కటే గతి అయింది. ఆగిన బస్సుల్లోని ప్రయాణికులు కిటికీల్లోంచి మంత్రిగారింట్లో టీవీ చూస్తూ సౌండు పెంచమని అడిగేవారు. మంత్రిగారి కారు గేటు దాటక వారమైంది.

మంత్రిగారి భార్య మా ఇంటికి రావడానికి ఒక లారీ ఎక్కి అవతలికి దిగింది.

"పిన్నిగారూ, మా అమ్మాయికి నెలలు నిండాయి. ఆసుపత్రి మన వీధి చివరే ఉంది, కానీ మనిషి నడిచే సందైనా లేదు. నొప్పులొస్తే ఈయన సూచికను పరిచి పడుకోబెట్టాలా?"

అదే మాట ఆమె భర్తతోనూ అన్నట్లుంది. ఆ సాయంత్రమే చీఫ్ ఇంజనీరుగారికి పిలుపు వచ్చింది.

"మా వీధి కూడా మూసెయ్యవయ్యా."

"మంత్రి ఉన్న వీధి, కుదరదండి."

"మంత్రినే కదయ్యా చెబుతున్నాను."

"అందుకేనండీ కుదరదు."

మంత్రిగారు రాత్రంతా ఆలోచించి తెల్లవారగానే రాజీనామా పంపారు. పదవిని తృణప్రాయంగా త్యజించారని పత్రికలు కొనియాడాయి. గంటలో మా వీధి మూతపడింది. బండ్లన్నీ ఊరి పొలిమేర అవతలే నిలిచిపోయాయి. పొలిమేర అవతల జరిగేది నగర సూచికలోకి రాదు. నిర్మానుష్యమైన వీధిలో అమ్మాయిని చక్రాల కుర్చీలో మెల్లగా తీసుకువెళ్ళాము. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది.

ఆసుపత్రి వరండాలో ఉండగానే మాజీ మంత్రిగారి ఫోను మోగింది. మాట్లాడుతున్నది పెద్దాయన. నగర రద్దీ సూచిక సున్నాకు చేరిందట. ప్రపంచంలో ఏ నగరమూ సాధించని ఘనత అట. ఇంతటి సమర్థుణ్ణి వదులుకోవడం సాధ్యం కాదు కనుక ఆ రాత్రికే మళ్ళీ ప్రమాణస్వీకారం చేయాలట.

మాజీ మంత్రిగారు ఫోనును అరచేత్తో మూసి భార్య వంక చూశారు. ఆమె పాపను భుజాన వేసుకుంటూ, గొంతు పెంచకుండా అంది:

"ఇల్లు లేని మంత్రిగా తీసుకుంటారేమో అడగండి."

ఆయన ఫోను చెవికి ఆనించుకుని, ఎంతో వినయంగా, ఆ మాటే అడిగారు.