గాలి లేని రోజు తిరిగిన మర

ఆ గురువారం ఉదయం థాడియస్ ప్రాస్పర్ పెట్టుకున్న పనులు రెండే. పదింటికి విదేశీ అతిథులకు కొండ మీది గాలిమర చూపించడం, పన్నెండింటికి టౌన్‌హాల్లో వాళ్లకు వేయించిన చేపలతో భోజనం పెట్టించడం. దీవి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క మరే. కరెంటులో నూటికి తొంభై ఆరు పాళ్లు రేవు పక్కనున్న డీజిల్ ఇంజన్లు ఇచ్చేవి, మూడు పాళ్లు ఏరు ఇచ్చేది, మిగిలిన ఒక్క పాలు గాలి ఇచ్చేది. ఆ ఒక్క పాలుకు ఒక శాఖ, శాఖకు ఒక డైరెక్టరు, డైరెక్టరుకు చల్లగది, పొడవాటి కారు. ఆ డైరెక్టరే ప్రాస్పర్.

బడుల మీద, ఆస్పత్రి మీద సోలార్ పలకలు వేయించమని ఇంజన్ల కేంద్రం చూసుకునే వెర్లిన్ ఆగస్టిన్ మూడేళ్లుగా కాగితాలు రాస్తోంది. ప్రాస్పర్ వాటి మీద తన పేరు వేసుకుని, లెక్కలున్న పేజీలు పీకేసి, మర పక్కన తను నిలబడ్డ ఫొటో అంటించి ఒక విదేశీ సాయం సంస్థకు పంపాడు. అది చూసే అతిథులు వస్తున్నారు.

ఎనిమిదింటికి కిటికీ తెరిస్తే కొబ్బరాకు కూడా కదలడం లేదు. మర కొయ్యబారి నిలబడి ఉంది. అంత పాత మరకు ఎదురు కరెంటు పంపితే మోటారులా తిరుగుతుందని ఎప్పుడో ఎవరో చెప్పగా విన్న ప్రాస్పర్, వెంటనే వెర్లిన్‌కు ఫోన్ చేశాడు.

"డీజిల్ తగలేసి గాలిమర తిప్పమంటారా సార్?" అంది వెర్లిన్.

"తిరుగుతోందా లేదా అన్నదే చూస్తారమ్మా. దేంతో తిరుగుతోందో ఎవడిక్కావాలి?"

మూడు ఇంజన్లలో ఒకటి బాగుచేయడానికి విప్పి ఉందని, మిగతా రెండూ అంత బరువు మోయలేవని ఆమె మొత్తుకుంది. రేపటినుంచి ఏటి గేట్ల దగ్గర కాపలా కాస్తావా అని ఆయన అడిగాడు. మర తిరిగింది.

పదింటికి అతిథుల పెద్ద హెల్గా లిండ్‌హోమ్ కారు దిగి మర వంక మెచ్చుకోలుగా చూసింది. ఆ తర్వాత కదలని చెట్ల వంక చూసింది. దారి పక్కన చల్లటి మోబీ షర్బత్ అమ్మే యూడాక్సీ మామ్మ అట్టముక్కతో విసురుకుంటోంది. గాలి ఏదని హెల్గా అడిగింది.

"పైన వేరే గాలి ఉంటుంది మేడమ్. కిందికి దిగదు," అన్నాడు ప్రాస్పర్.

"డెబ్భై రెండేళ్లుగా ఈ కొండ మీదే ఉన్నాను నాయనా. ఆ పెద్దింటి గాలి నాకెప్పుడూ తగల్లేదే," అంది మామ్మ.

ముసలావిడకు మతి చలించిందని ప్రాస్పర్ అతిథి చెవిలో చెప్పాడు. సరిగ్గా అప్పుడే టౌన్‌హాల్లో, భోజనాల వేళకు గది చల్లబడాలని ఏసీలన్నీ ఒక్కసారి వేశారు. మర మెల్లబడి ఆగింది. మామ్మ ఐసుపెట్టె మూలుగు ఆగింది. కింద ఊళ్లో రేడియోలన్నీ నోరు మూశాయి.

మర ఆగితే ఊరంతా కరెంటు ఎందుకు పోయిందని హెల్గా అడిగింది. ఇంజన్ల మాట ఎత్తితే ఎదురు కరెంటు సంగతీ బయటపడుతుంది. ప్రాస్పర్ మర వైపు చెయ్యి చూపించాడు.

"దీవంతా నడిచేది దీని మీదే మేడమ్. నూటికి తొంభై పాళ్లు."

ఇంతలో ఫోన్ మోగింది. ఇంజన్లు రెండూ బరువు మోయలేక ఆగిపోయాయని, మళ్లీ నడపడానికి రెండు గంటలు పడుతుందని వెర్లిన్ చెప్పింది. ప్రాస్పర్ ఫోన్ పెట్టేసి, "గాలి రెండు గంటల్లో వస్తుందట," అన్నాడు.

హెల్గా గడియారం చూసుకుని కూర్చుంది. టౌన్‌హాల్ పొయ్యిలు కరెంటువి కావడంతో చేపలు వేగలేదు. అతిథులు మామ్మ దగ్గరే చల్లదనం తగ్గుతున్న మోబీ తాగి, రొట్టె తిన్నారు. రెండు గంటల అయిదు నిమిషాల తర్వాత, ఒక్క ఆకూ కదలకుండా, మర తిరిగింది. హెల్గా చాలాసేపు ఏదో రాసుకుంది. తన తెలివికి మెచ్చుకోలు రాస్తోందనుకుని ప్రాస్పర్ టై సర్దుకున్నాడు.

మూడు వారాలకు ఆ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. దీవి ఇప్పటికే తొంభై పాళ్లు శుభ్రమైన కరెంటుతో నడుస్తోంది కనుక సోలార్ పలకల అవసరం లేదట. అయితే ఇంతమంది బతుకు ఒక్క గాలిమర మీద వేలాడటం చూసి మనసు కరిగి, నమ్మకంగా నడిచే కొత్త డీజిల్ ఇంజను ఒకటి పంపుతున్నారట.

వెర్లిన్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఉన్నది ఉన్నట్టు తిరిగి రాయమని ప్రాస్పర్‌ను బతిమాలింది.

"నిజం రాస్తే ఇంజను కూడా రాదు," అన్నాడు ప్రాస్పర్.

ఇంజను రేవులో దిగినప్పుడు, తన శాఖ పరువు కాపాడడానికి, ఆయన దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు.