జలపతి గారు పార్టీ మారలేదు

జగిత్యాల గాలి పీల్చిన ప్రతి మనిషీ చచ్చేలోపు ఒక్కసారైనా ఇక్కడి జీవజాల ప్రదర్శనశాలను చూసి తీరాలని హరిప్రసాద్ గారు నిండు సభలో ప్రకటించారు. ఆయన రాష్ట్ర సంగ్రహాలయాల సలహా మండలికి చైర్మన్. కేబినెట్ హోదా, సైరన్ కారు, ముందొక బండి, వెనకొక బండి. ప్రకటన చేసి, చప్పట్లు అయిపోయాక, మైకు చేత్తో మూసి పక్కనున్న పీఏను అడిగారు.

"అది యాడున్నదిరా?"

పీఏ దేవేందర్ వైపు చూశాడు. పార్టీ పట్టణ అధ్యక్షుడైన దేవేందర్ ఆకాశం వైపు చూశాడు. తనకు తెలియని దాని గురించి కూడా అంత గట్టిగా మాట్లాడగల నాయకుడు దొరకడం మా ప్రాంతం చేసుకున్న పుణ్యం.

నాకు తెలుసు, కానీ అది నా గొప్ప కాదు. అక్కడి ఎలుగుబంటికి కడుపు చిరిగితే కుట్టమని నన్ను పిలిపించారు. కోరుట్లలో నాది పరుపుల దుకాణం. ఏడో తరగతిలో బడి మానేసి సూది పట్టాను. అప్పటి నుంచి ఈ దేశం మీద నాకున్న అభిప్రాయాలన్నీ దూదిలో కుక్కి కుట్టేస్తున్నాను. వాటి మీద జనం హాయిగా పడుకుంటున్నారు.

ఆ ప్రదర్శనశాల పాత పశువుల దవాఖాన వెనక, తుమ్మచెట్ల సందులో ఉంది. రెండు గదుల పెంకుటిల్లు. నిజాం కాలంలో ఒక పశువుల డాక్టరు మొదలుపెట్టాడట. లోపల ఒక ఎలుగుబంటి, ఒక దుమ్ములగొండి, ఒక కొండెంగ, ఒక రాబందు, సీసాలో చుట్టుకున్న కొండచిలువ పిల్ల. పాము తప్ప అన్నీ గడ్డి కుక్కిన తోళ్ళే, గాజు కళ్ళు, మెడలో అట్టముక్క. వాన పడితే జనం తలదాచుకోవడానికి లోపలికి వచ్చేవారు. లోపల కూడా వానే పడుతోందని చూసి మళ్ళీ బయటికి పోయేవారు.

దానికి ఇన్‌ఛార్జి రాజలక్ష్మి మేడం. జీపు, ప్యూను, ఫ్యాను ఏవీ లేని ఆఫీసరు. నేను సూదికి దారం ఎక్కిస్తుంటే ఆమె ఆపింది.

"కడుపు సంగతి తర్వాత గని కిష్టయ్యా, ముందుగాల పైకి చూడు."

చూశాను. పెంకుల సందులోంచి మబ్బు కనిపించింది.

"గీ వానకాలం కూడ తడిసినయంటే పురుగు పడ్తది. పురుగు పడితే పనికిరావని రాసి బొంద పెడ్తరు. జాగ ఎవలకో ఇస్తరు. వానలకు ముందే కప్పు పడాలె."

"అర్జీ పెట్టలేదా మేడం?"

"పోయిన చైర్మన్‌కు పెట్టిన. అంతకు ముందు చైర్మన్‌కు పెట్టిన. ఇద్దరు కూడ శాలువా కప్పించుకొని పోయిండ్రు. ఈయన అచ్చినంక చేతిల అర్జీ పెడ్త, శాలువా పెట్ట."

అలా ఆమె కూడా చైర్మన్ గారి రాక కోసం ఎదురుచూసింది.

దేవేందర్ కష్టం వేరు. చైర్మన్ గారు ఎక్కడికి పోయినా చేరికలుండాలి. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, కొత్తవాళ్ళ మెడలో నాలుగు కండువాలు వేయనిదే ఆయనకు అన్నం సయించదు. అందుకని దేవేందర్ ఆటోవాళ్ళను మాట్లాడి పెట్టాడు. తీరా చైర్మన్ గారు ప్రదర్శనశాలకు వచ్చే రోజు పొద్దున్నే అవతలి పార్టీ ఆ ఆటోవాళ్ళను బస్సెక్కించి కొండగట్టు దర్శనానికి తోలుకుపోయింది. ప్రజాస్వామ్యంలో దేవుడికి కూడా పని పడుతుంది.

సైరన్ మోగింది. కరెంటు పోయింది. చైర్మన్ గారు దిగారు. శుక్లాల ఆపరేషన్ అయి నల్ల అద్దాలు పెట్టుకున్నారు. చీకటి గదిలోకి చీకటి కళ్ళతో, చేతులు ముందుకు చాపుకుంటూ వచ్చారు. ఆయన చెయ్యి చాచితే పీఏ అందులో కండువా పెడతాడు, ఆయన ఎదురుగా ఉన్న మెడలో వేస్తాడు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఎప్పుడూ పొరపాటు పడలేదట.

ఆరోజూ పడలేదు. ఎదురుగా మెడ ఉంది.

ఆ ఎలుగుబంటిని చేసిన మహానుభావుడెవరో దాన్ని వెనక కాళ్ళ మీద నిలబెట్టి, తల కొంచెం వంచి, చేతులు రెండూ ముందుకు పెట్టించాడు. అచ్చంగా కండువా కోసం వచ్చినవాడి వాలకం.

"ఏ ఊరు మనది?" అన్నారు చైర్మన్ గారు, కండువా సర్దుతూ.

పీఏ సెల్‌ఫోన్ వెలుతురులో అట్టముక్క చూశాడు. 'దొరికిన చోటు: కొడిమ్యాల. ఇచ్చినవారు: జలపతి' అని ఉంది.

"కొడిమ్యాల అన్నా. జలపతి."

"బాగ పనిచెయ్యాలె జలపతీ. పార్టీ నిన్ను గుర్తిస్తది." భుజం తట్టారు. దుమ్ము లేచింది. చైర్మన్ గారు దగ్గి, "మనిషి జర మాట్లాడడు గని నిబ్బరంగున్నడు" అని మెచ్చుకున్నారు. తర్వాత దుమ్ములగొండికి, కొండెంగకు కూడా కండువాలు పడ్డాయి. రాబందు దగ్గరికొచ్చేసరికి కండువాలు అయిపోయాయి.

రాజలక్ష్మి మేడం అర్జీ చేతిలో పట్టుకుని ముందుకొచ్చింది. "సార్, అది ఎలుగుబంటి సార్."

దేవేందర్ ఆమెను పక్కకు పిలిచాడు. "అన్న కండువా ఏసినంక మనిషా, మెకమా అని చూసుడు మా పార్టీల ఉండదు మేడం. ఇంతకుముందు ఏసినోళ్ళను మీరు చూడలే."

ఇంతలో ఎలుగుబంటి మెడలో కండువా జారిపోతోందని ఫొటో తీసేవాడు గోల పెట్టాడు. దేవేందర్ నన్ను చూశాడు.

"ఓ పరుపుల కాకా, నీ సూది గింత పట్టుకరా. రెండు పోగులేసి గట్టిగ కుట్టు. ఈ జన్మల ఊడొద్దు."

కుట్టాను. పరుపు కుట్టినట్టే, తోలుకూ కండువాకూ కలిపి, మైనం రాసిన దారంతో కుట్టాను. నా కుట్టు ఊడదు. కోరుట్లలో ఎవర్నడిగినా చెప్తారు.

మర్నాడు పేపర్లో 'ప్రదర్శనశాలలో భారీ చేరికలు' అని వచ్చింది. మేడం అర్జీ మాత్రం చైర్మన్ గారి కారు సీటు మీద, ఆయన కింద ఉండిపోయింది.

కొన్నాళ్ళకు పార్టీ పట్టణ ఉపాధ్యక్ష పదవికి తగువు వచ్చింది. పార్టీలో రెండు వర్గాలు. ఈ వర్గం మనిషిని పెడితే ఆ వర్గం కుర్చీలు విసిరింది. ఆ వర్గం మనిషిని పెడితే ఈ వర్గం అవే కుర్చీలు తిరిగి విసిరింది. చివరికి దేవేందర్ లేచాడు.

"జలపతికిద్దాం. ఆయన ఏ వర్గం కాదు."

"పదవి అచ్చినంక కాంట్రాక్టు అడిగితే?"

"ఇన్నొద్దులు నోరు తెరుచుకొనే ఉన్నడు. ఏమన్న అడిగిండా?"

ఏకగ్రీవమైంది. కొత్త బస్టాండు ముందు ఫ్లెక్సీ వెలిసింది. అందులో ఉన్న మొహాలన్నిటిలో జలపతి గారి మొహమే నమ్మదగినట్టుందని చాలామంది అన్నారు. నేనూ ఆగి చూశాను. నిజమే.

అప్పుడు రాజలక్ష్మి మేడంకు సంగతి అర్థమైంది. పాత అర్జీ నకలు చించేసింది. దేవేందర్‌కు ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పింది. "మీ ఉపాధ్యక్షుని నెత్తి మీద నీళ్ళు కార్తయట, జనం నవ్వుతున్నరు."

ఆ సాయంత్రమే రేకులు దిగాయి. ముందు శిలాఫలకం, తర్వాత కొబ్బరికాయ, తర్వాత ఇనుప చట్రం. పాత పెంకులన్నీ దింపేశారు. ఇక రేకులు బిగిస్తారనగా దేవేందర్ ఒక నిబంధన చెప్పాడు. "పార్టీవాళ్ళున్న జాగ వరకే మేడం. రాబందుకు సభ్యత్వం లేదు. పాముకు లేదు. రేపు ఎవలన్న అడిగితే మేమేం చెప్పాలె?"

మేడం నా వైపు తిరిగింది. "కిష్టయ్యా, సిరిసిల్ల పోయి ఇంకో రెండు కండువాలు తేరాదూ" అంది. "రాబందు కూడ చేరుతదట."

సిరిసిల్లలో హన్మంతుది మరమగ్గాల షెడ్డు. పరుపుల గుడ్డ కోసం నేను ఎప్పుడూ పోయేదే. అన్ని పార్టీల కండువాలూ అక్కడే పుడతాయి, ఒకే కప్పు కింద, అన్నదమ్ముల్లా. మగ్గాల చప్పుడులో అరిచి అడిగాను.

"వంగపండు రంగుయి రెండు కావాలె హన్మంతూ."

"ఆ రంగు బంద్ వెట్టినం కాకా. ఇప్పుడంత నెమలికంఠం రంగే."

"అది అవతలి పార్టీది గదరా. ఎవలు చెప్పిండ్రు?"

"హరిప్రసాద్ సార్ పీఏ. అర్జెంటట."

"మరి దేవేందర్‌కు ఎరుకేనా?"

హన్మంతు నవ్వాడు. "పార్టీ ఆఫీసుల తెలిసేవరకే మా దగ్గర రంగు ఆరిపోతది కాకా."

నేను వట్టి చేతులతో వచ్చేసరికి చైర్మన్ గారు హైదరాబాదులో పార్టీ మారిపోయారు. కేవలం మ్యూజియాల అభివృద్ధి కోసమే మారానని టీవీలో చెప్పారు. మున్సిపల్ ఎన్నికలు దగ్గరికొచ్చాయి, అది వేరే సంగతి.

తెల్లారి దేవేందర్ ట్రాలీ ఆటోలో దిగాడు. మెడలో నెమలికంఠం రంగు. చేతిలో ఇంకో మూడు. దుమ్ములగొండి, కొండెంగ చిటికెలో మారిపోయాయి. వాటి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. జలపతి గారి దగ్గర పని ఆగింది.

"కాకా, ఇది ఊడుతలేదేంది?"

"ఊడొద్దన్నవు గదన్నా."

"అయితే కొయ్యి."

"కోస్తే తోలు కూడ అస్తది. పాత తోలు."

"పట్టణ కమిటీ మొత్తం అస్తున్నమని అన్నకు మాటిచ్చిన. ఉపాధ్యక్షుడు లేకుంటే నా ఇజ్జతేం గావాలె?"

"పైనుంచి కొత్తది కప్పరాదు?"

"కిందికెళ్ళి పాతది కనవడ్తది. ఒక్క మెడల రెండు పార్టీలు ఎట్లుంటయి?" అన్నాడు. అన్నాక, అంత కఠినంగా మాట్లాడినందుకు తనే కొంచెం సిగ్గుపడ్డట్టు కనిపించాడు.

రెండు చేతులతో కండువా పట్టుకుని గుంజాడు. చర్రుమంది. జలపతి గారి భుజం జానెడు చిరిగింది. ఎండుగడ్డి, పొట్టు బయటికొచ్చాయి. కండువా రాలేదు. దేవేందర్ చేతులు దులుపుకుని ట్రాలీవాడికి సైగ చేశాడు. రేకులు ఎక్కించడం మొదలుపెట్టారు.

రాజలక్ష్మి మేడం పరుగెత్తి ఒక రేకు అంచు పట్టుకుంది. "దేవేందర్, మొగులైంది చూడు, వాన వడెటట్టున్నది. పెంకులు గూడ మీరే దింపిండ్రు. ఒక్క రేకన్న ఉంచుండ్రి."

"ఇవి అన్న రేకులు మేడం. అవతలి పార్టీ మనిషి నెత్తి మీద మేమెట్ల ఏస్తం? ఆయనకు జర నచ్చజెప్పుండ్రి, ఒప్పుకుంటే పొద్దుగూకేవరకు మళ్ళ తెస్త."

మేడం జలపతి గారి వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన చేతులు ముందుకు పెట్టుకుని అలాగే నిలబడ్డారు. రేకు అంచు కోసుకుని మేడం అరచేతిలో నెత్తురు గీత పడింది. ట్రాలీ వెళ్ళిపోయింది.

మాపటికి వాన దిగింది. బస్టాండు ఫ్లెక్సీ పీక్కొచ్చి రాబందు మీద, సీసా మీద కప్పాం. దుమ్ములగొండినీ కొండెంగనూ తలుపు మూలకు జరిపాం. జలపతి గారు బరువు, చిరిగిన భుజంతో కదిలిస్తే మొత్తం జారిపోతారు. నా గొడుగు విప్పి పట్టుకున్నాను. అప్పుడు ఆఫీసు ఫోన్ మోగింది. తీశాను. హైదరాబాదు నుంచి, పాత పార్టీ పెద్ద ఆఫీసు; పట్టణ కమిటీ జాబితాలో జలపతి గారి పేరు పక్కన ఈ నంబరే ఉందట.

"జగిత్యాలలో మనవాళ్ళు ఎవరైనా మిగిలారా బాబూ?"

"ఒక్కడున్నడు సార్. ఉపాధ్యక్షుడు జలపతి."

"అందరూ పోతే ఆయన పోలేదా?"

"గుంజిండ్రు సార్. భుజం చినిగింది గని పోలే."

అవతల ఎవరో ముక్కు చీదిన చప్పుడు. "ఇలాంటి కార్యకర్తల వల్లే పార్టీ ఇంకా బతికుంది. మున్సిపల్ చైర్మన్ అభ్యర్థి ఆయనే. రేపు పొద్దున ప్రకటిస్తాం. ఆయన ఏమైనా అడుగుతున్నారా?"

మేడం నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"కప్పు సార్. నెత్తి మీద కప్పు. ఇంకేం వద్దు."

"ముందు గెలవనివ్వమ్మా, తర్వాత చూద్దాం."

మేడం ఫోన్ పెట్టేసింది. బకెట్ తెచ్చి అభ్యర్థి గారి పాదాల దగ్గర పెట్టింది.