గోడ మీద ఇరవై మూడు బిళ్ళలు

మనిషిని తొమ్మిది వారాల్లో ఏమైనా చేసేయవచ్చునని ప్రభుత్వం కనిపెట్టింది. కనిపెట్టిన మర్నాడే రుమేనియా బొగ్గు లోయలో మా గని మూతపడింది. (ఈ రెండింటికీ సంబంధం లేదని అధికారికంగా తెలియజేశారు.) గనిలో మిగిలిన ఇరవై ముగ్గురం ఇకమీదట సాఫ్ట్‌వేర్ నిపుణులమన్నారు. పరీక్ష పాసైతే పింఛను వయసు వచ్చేదాకా భృతి ఇస్తారు. లేకపోతే లేదు.

ఈ మహాకార్యానికి రూపాంతర సంచాలకులుగా ఒక్టావియన్ ప్లెషా గారు వచ్చారు. ఆయన జన్మలో గనిలోకి దిగలేదు, ప్రోగ్రామూ రాయలేదు. కాబట్టి ఎటువైపూ పక్షపాతం లేని మనిషి.

తరగతులు మా పాత క్యాంటీన్లోనే. మొదటి రోజు ఇలారి అన్న సంచిలోంచి సుత్తి తీసి గోడకు వరసగా ఇరవై మూడు మేకులు కొట్టాడు. పాఠాలు చెప్పడానికొచ్చిన డాచియానా బిత్తరపోయింది.

"ఇదేంటి బాబాయ్?"

"హాజరమ్మాయ్. గనిలోకి దిగేటప్పుడు ఎవడి నంబరు బిళ్ళ వాడు తగిలిస్తాడు. పైకొచ్చాక తీసుకుంటాడు. ఒక్క బిళ్ళ మిగిలినా ఎవడూ ఇంటికి పోడు. ఇక్కడా అంతే."

"హాజరు యాప్‌లో పడుతుంది బాబాయ్. వేలు పెడితే చాలు."

ఇలారి అన్న వేలు పెట్టాడు. వేలు లేదంది యాప్. పది వేళ్ళూ పెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్ళు రాయి పట్టిన చేతులు, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"కాలి వేలు పెట్టి చూడన్నా, అదింకా కొత్తగానే ఉంటుంది" అన్నాడు మా షిఫ్టు టోడెర్.

అదీ పెట్టించాం. (మనిషి వేలు కాదని జవాబొచ్చింది.) డాచియానా పై ఆఫీసుకు రాసింది. పద్నాలుగో నిబంధన ప్రకారం, వేలిముద్ర లేనివారు ఆ విషయం ధ్రువీకరిస్తూ వేలిముద్ర వేసి దరఖాస్తు చేసుకోవాలట.

ఆ విధంగా ఇలారి అన్న తొమ్మిది వారాలు మొదటి బెంచీలో గైర్హాజరయ్యాడు. ప్రోగ్రాముల్లో ఇఫ్, ఎల్స్ పాఠం మాత్రం మా అందరికంటే ముందు ఆయనకే ఎక్కింది. "గ్యాస్ ఉంటే వెనక్కి, లేకపోతే ముందుకి. ఇన్నేళ్ళూ మనం చేసిందిదే కదరా!" అని మాకు విడమరిచి చెప్పేవాడు.

అయిదో వారం ప్లెషా గారు స్వయంగా జట్టు స్ఫూర్తి నేర్పారు. అందరం గుండ్రంగా నిలబడి ఒకరికొకరు బెలూన్ విసురుకున్నాం. అది కింద పడితే జట్టు ఓడినట్టు. (గని కప్పు కింద పడితే ఏమవుతుందో మాకు తెలుసు గానీ, అది సిలబస్‌లో లేదు.)

పరీక్ష తొంభై నిమిషాలు. ఇలారి అన్న కంప్యూటర్ వేలు అడిగింది. డాచియానా ఫోన్లో కాళ్ళావేళ్ళా పడితే డెబ్బయ్యో నిమిషంలో 'అతిథి' పేరుతో తెరిచారు. అప్పటికి మా అందరిదీ అయిపోయింది. చివరి బటన్ నొక్కి ఇంటికి పోవడమే.

టోడెర్ గోడ వంక చూశాడు. "ఇలారన్న బిళ్ళ ఇంకా అక్కడే ఉందిరా."

ఎవరూ నొక్కలేదు.

"నొక్కండి బాబాయ్! టైమైపోతే అందరికీ సున్నా వేస్తుందది!" డాచియానాకు ఏడుపొక్కటే తక్కువ.

"నొక్కండ్రా వెధవల్లారా! నా కోసం కూర్చుంటే మీకేమొస్తుంది?" అని ఇలారి అన్న అరిచాడు.

ఒకసారి గనిలో నా బిళ్ళ పద్నాలుగు గంటలు మేకుకే వేలాడింది. షిఫ్టులో ఒక్కడూ ఇంటికి పోలేదు. రాళ్ళ కింద నుంచి నన్ను లాగింది ఆ గీతల్లేని చేతులే. ఆయనంటే నాకు ప్రాణం. ఇది ఏ ఫారంలో రాయాలో ఇప్పటికీ తెలియదు.

"ఆ రోజు నీకేమొచ్చిందన్నా?" అన్నాను.

ఆయన తల వంచుకుని కామా ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఇంకా రెండు ప్రశ్నలుండగా తెరలన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి. అందరం లేచి, ఎవడి బిళ్ళ వాడు తీసుకుని బయటికొచ్చాం.

వారానికి ప్లెషా గారు ఫలితాలు చదివారు. ఇరవై ఇద్దరూ ఫెయిలు. పని ముగించి కూడా అప్పగించకపోవడానికి కారణం జట్టుగా పనిచేసే గుణం లేకపోవడమేనని నిపుణులు తేల్చారు.

"మరి ఇలారి?" అన్నాను.

"ఆయన తొమ్మిది వారాలూ రాలేదు. భృతి రద్దు."

ఇలారి అన్న టోపీ చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, నేనే. రోజూ వచ్చాను."

ప్లెషా గారు చాలా మర్యాదస్తులు. యంత్రాన్ని ఆయన వైపు జరిపి, "వేలు పెట్టండి" అన్నారు.

మిగిలిన మాకు మానవతా దృష్టితో మరో అవకాశం ఇచ్చారు. సోమవారం నుంచి ఆరు వారాల శిక్షణ. విషయం: తోటివాడి కోసం నిలబడటం ఎలా?