మనిషిని చూసి చెప్పే అంకె

గంగవోలు పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసే మిషను మనిషిని చూసి అంకె చెబుతుంది, ఆ మనిషి ఒంట్లో రక్తం అంకెను విని సాయంత్రానికల్లా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. మిషన్లు ఏళ్ల తరబడి మనుషుల మధ్య పడి ఉన్నాయి, మనుషులు మిషన్ల మధ్య పడి ఉన్నారు. ఒకరి అలవాట్లు ఒకరికి వచ్చాయి. పక్కింట్లో నాలుగేళ్లుంటే యాస అంటుకోదూ, ఇదీ అంతే.

ఒకసారి రాజధాని నుంచి శాస్త్రవేత్తల బృందమొకటి వచ్చి ఈ సంగతి విచారించింది. వాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం తీయించి రెండూ పోల్చి చూశారు. వేరే ఊళ్లలో మిషన్లు అటూ ఇటూ ఎంతో కొంత తప్పుతాయి. గంగవోలు మిషను ఒక్క పిసరు కూడా తప్పలేదు, ఎందుకంటే అది ఏం చెబితే రక్తం అదే అయి కూర్చుంటోంది. ఇంత కచ్చితమైన మిషను రాష్ట్రంలోనే లేదని మెచ్చుకుంటూ వాళ్లు పత్రం రాసిచ్చారు. ఆసుపత్రివాళ్లు దానికి పటం కట్టించి మిషను పైనే తగిలించారు.

ఊళ్లో జనం కూడా దాన్ని తప్పు పట్టలేదు. మున్సిపల్ చైర్మన్‌గారు పూతరేకులు డబ్బాలకు డబ్బాలు లాగించినా ఆయనకు షుగరు తొంభై దాటేది కాదు. ఎన్నికల్లో ఓడిపోయిన మర్నాడు పరీక్షకు వస్తే మూడొందలు చూపించింది, సాయంత్రం ఆయన బజార్లో కళ్లు తిరిగి పడిపోయారు. పదవి పోయినవాడికి ఆ మాత్రం రోగం రాకుండా ఎలా ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఆ మిషన్ని రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడిచే ఆయా పేరు ఎస్తేరు. ఉండేది రైలుగేటు కాలనీలో. చనిపోయిన అక్క కూతురు దీవెనని తనే పెంచుకుంది. దీవెనకి పరుగు పుట్టుకతోనే వచ్చినట్టుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, మైదానంలో అందరికంటే ముందు గీత దాటింది. రాతపరీక్ష కూడా గట్టెక్కింది. ఇక మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే. ఇంట్లో ఖాకీ బట్టలేసుకునే మనిషి ఒకరుంటే ఏ తాగుబోతూ తమ తలుపు కాలితో తన్నడని ఎస్తేరు ఆశ. అంతకు మించి ఆమె ఈ లోకాన్ని ఏమీ అడగలేదు.

పరీక్ష రోజున దీవెన కాలనీ నుంచి ఆసుపత్రికి సరదాగా పరిగెత్తుకుంటూనే వచ్చింది. ల్యాబు చూసుకునే భాస్కరం ఆమె వేలు పొడిచి, చీటీ మీద పేరూ చిరునామా రాసి మిషను ముందు పెట్టాడు. మిషను కాసేపు ఆలోచించింది. రైలుగేటు కాలనీ దానికి కొత్త కాదు. ఆ కాలనీ ఆడవాళ్లకి రక్తం సగటున ఎనిమిది ఉంటుందని అంతకు ముందెప్పుడో సర్వే చేసి తేల్చారు. ఆ సర్వే చేసింది కూడా ఆ మిషనే. అది దీవెన మొహం చూసింది, చెప్పులు చూసింది, ఎనిమిది చూపించింది. ఉద్యోగానికి పన్నెండు కావాలి.

దీవెన ముందు నవ్వేసింది. ఇంటికి కూడా పరిగెత్తుకుంటూనే బయల్దేరింది కాని, సినిమా హాలు దాటేసరికి నడక మొదలుపెట్టింది, రైలు గేటు దగ్గర కూలబడింది. కాలనీవాళ్లెవరో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు.

“ఊపిరి అందట్లేదే పిన్నీ,” అంది. “కాళ్లు ఎవరివో తగిలించినట్టున్నాయి.”

ఎస్తేరు ఆ పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది. పొద్దున ఎర్రగా ఉన్నది తెల్లగా పాలిపోయి ఉంది. ఇన్నేళ్లుగా తన చేతులతో తుడిచి ముస్తాబు చేసిన మిషను తన పిల్లనే ఇలా చేస్తుందా అని ఆ రాత్రంతా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు డాక్టర్ సుదర్శనంగారి గదికెళ్లి నిలబడింది. ఆయన మంచివాడు. ఎవరినీ కసురుకునే మనిషి కాదు. అంతా విని, చీటీ అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చారు.

“ఆ పిల్ల నిన్నటిదాకా లేడిలా పరిగెత్తిందండి బాబుగారూ. మీరు ఒక్క మాట రాసిపెట్టండి, చాలు,” అంది ఎస్తేరు.

“నేను మిషన్ని కాదంటే రేపు నాకేం చూపిస్తుందో ఎవరికి తెలుసు ఎస్తేరూ?” అన్నారాయన. “నా బీపీ చూసేది దాని పక్క బల్ల మీది మిషనే.”

ఆ మాట నిజమేనని ఎస్తేరుకి కూడా అనిపించింది. తిండి పెట్టి చూడమని ఆయన సలహా ఇచ్చారు. ఎస్తేరు మునగాకు వండింది, బీట్‌రూటు వండింది, ఆదివారమాదివారం మేక కాలేయం తెచ్చి మిరియాలేసి వేయించి పెట్టింది. దీవెన బుగ్గలు కొంచెం నిండాయి కాని, మళ్లీ చూపిస్తే అంకె ఎనిమిదే. తిండి రక్తాన్ని పెంచుతుంది గాని అంకెను పెంచదని భాస్కరం విడమరిచి చెప్పాడు. అంకె పెరగకుండా పెరిగిన రక్తం సాయంత్రానికి దిగిపోతుందట. దిగిపోయింది కూడా.

బజార్లో ప్రైవేటు ల్యాబుకి వెళ్దామా అని ఎస్తేరు ఆలోచించింది. అక్కడి మిషను మనిషిని చూడదు, పర్సుని చూస్తుంది. పోనీ చీటీ మీద చిరునామా రాయకుండా పరీక్ష చేయిద్దామంటే, చిరునామా లేనివాళ్లకి పెద్దాసుపత్రి మిషను ఇంకా తక్కువ చూపిస్తుందని భాస్కరం భయపెట్టాడు. చివరికి ఒకరోజు పొద్దున్నే ఎవరూ రాకముందు మిషన్ని తుడుస్తూ దాన్నే బతిమాలుకుంది. తల్లి లేని పిల్ల అనీ, రెక్కలు ముక్కలు చేసుకుని పెంచాననీ, ఈ ఒక్కసారికి పన్నెండు చూపిస్తే జన్మలో మర్చిపోననీ మెల్లగా చెప్పుకుంది. మిషనుకి చెవులు లేవని అనలేం. చైర్మన్‌గారు ఓడిపోయిన సంగతి అది రాత్రికి రాత్రే వినగలిగింది. తుడిచేవాళ్ల మాట వినే అలవాటు మాత్రం దానికి మనుషుల దగ్గర దొరకలేదు.

ఈలోపు రిక్రూట్‌మెంట్ బోర్డువాళ్లకి ఒక చిక్కు వచ్చింది. ఎనిమిది ఉన్న మనిషి అంత వేగంగా పరిగెత్తడం శాస్త్రప్రకారం కుదరదు. కాబట్టి ఆ రోజు మైదానంలో వాడిన స్టాప్‌వాచీకి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. స్టాప్‌వాచీ పాతది, రిటైర్‌మెంటుకు దగ్గర పడింది, గొడవలు పెట్టుకునే ఓపిక లేదు. తనదే పొరపాటని ఒప్పుకుని ముల్లు కొంచెం ముందుకు జరుపుకుంది. దాంతో దీవెన అందరికంటే వెనక గీత దాటినట్టు తేలింది. అయినా బోర్డువాళ్లు దయ తలచి, రక్తం పన్నెండుకు వస్తే పరుగు సంగతి మళ్లీ చూద్దామని కొంత గడువిచ్చారు.

సుదర్శనంగారికి మనసు ఊరుకోలేదు. ఒకరోజు ఆయనే ఎస్తేరుని పిలిచి ఒక ఉపాయం చెప్పారు. ఆసుపత్రి వెనక డాక్టర్ల క్వార్టర్లున్నాయి. అక్కడివాళ్లు ఎవరు పరీక్షకొచ్చినా మిషను పదమూడుకు తక్కువ చూపించదు. దీవెన వచ్చి కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంటే, చిరునామా మారుతుంది, మిషను క్వార్టర్ల పిల్లే అనుకుంటుంది. ఎస్తేరు ఆయన కాళ్ల మీద పడినంత పని చేసింది.

దీవెన రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకుని క్వార్టర్లకి వెళ్లింది. డాక్టరుగారి భార్య ఇందుమతిగారు పిల్లని చక్కగానే చూసుకున్నారు. వెనక వరండాలో చాప ఇచ్చారు, తిన్నంత పెట్టారు. ఊరికే కూర్చుంటే పిల్లకి తోచదు కదా అని గిన్నెలు తోమమన్నారు. ఇందులో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు, ఎవరికి తెలిసిన మర్యాద వాళ్లు చేశారు. గడువు దగ్గర పడ్డాక ఇందుమతిగారి పాత చుడీదారు వేసి, తల దువ్వి, క్వార్టర్ల చిరునామా రాసిన చీటీతో దీవెనని మిషను ముందు కూర్చోబెట్టారు.

మిషను ఈసారి చాలాసేపు ఆలోచించింది. చిరునామా చూసింది, చుడీదారు చూసింది. తర్వాత దీవెన వేళ్లు చూసింది. సబ్బుపొడికి చర్మం లేచిపోయి ఉంది. క్వార్టర్లలో ఉండే మనిషే, అందులో సందేహం లేదు, కాని గిన్నెలు తోమే మనిషి. దానికి తగిన అంకె కోసం వెతుక్కుని వెతుక్కుని తొమ్మిది చూపించింది.

భాస్కరం కుర్చీలోంచి లేచాడు. రైలుగేటు కాలనీ మనిషికి ఎనిమిది దాటడం ఆ మిషను వచ్చాక ఎన్నడూ జరగలేదు. సుదర్శనంగారు పరుగున వచ్చి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. పన్నెండు రాలేదన్న సంగతి ఆ సందడిలో ఎస్తేరు ఒక్కదానికే గుర్తుంది. ఆ ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది. బోర్డునుంచి వచ్చిన కాగితం కూడా మర్యాదగానే ఉంది.

సుదర్శనంగారు ఈ విషయం మీద పరిశోధన వ్యాసం రాసి రాజధానిలో పెద్ద సభలో చదివారు. కాలనీ ఆడపిల్లలు క్వార్టర్లలో గిన్నెలు తోమితే రక్తం ఎనిమిది నుంచి తొమ్మిదికి పెరుగుతుందని అంకెలతో సహా నిరూపించారు. వెనక వరుసలోంచి ఒక కుర్ర డాక్టరు లేచి, మరి క్వార్టర్లవాళ్లకి గిన్నెలు తోమకుండానే పదమూడు ఎలా ఉంటోందని అడిగాడట. అది వంశపారంపర్యమని సుదర్శనంగారు చెబితే సభ అంతా తలూపింది. నెల తిరక్కుండా ప్రభుత్వం రక్తవృద్ధి పథకం ప్రకటించింది. కాలనీల్లో చదువు మధ్యలో ఉన్న ఆడపిల్లలని కూడా చేర్చుకుని, వాళ్ల ఆరోగ్యం దృష్ట్యా, ఊళ్లో పెద్ద ఇళ్లకి పంపించే ఏర్పాటు చేశారు. పిల్లలని పంపని తల్లులకి ఆరోగ్యం మీద అవగాహన లేదని సర్వేలో రాసుకున్నారు.

పథకం ప్రారంభం ఆసుపత్రి ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు, కాలనీ జనాన్ని ఆటోల్లో తీసుకొచ్చి ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. దీవెనని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ పిల్ల గుండెల మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడి మాటకోసం ఊపిరి కూడదీసుకుంటుంటే, పెద్దల ముందు బిడియపడుతోందని అందరూ ముచ్చటపడ్డారు. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి మైకు ఆమె నోటి దగ్గర పెట్టి ఇంతకుముందు ఏం చేసేదానివమ్మా అని అడిగారు.

దీవెన కాసేపు ఆలోచించింది. నిజంగానే గుర్తు చేసుకోబోయింది. ఆ మొహంలో ఏదో కదిలి ఆగిపోవడం ఎస్తేరుకి కింది నుంచి కనిపించింది. మైదానం గురించి చెబుతుందేమో, ఇంతమందిలో నవ్వులపాలవుతుందేమోనని ఆమె భయపడింది.

“ఏం చేసేదాన్ని కాదండి,” అంది దీవెన. “ఎనిమిదండి.”

అధికారి తలూపారు. చప్పట్లు మోగాయి. పక్కనున్న ఆడవాళ్లు ఎస్తేరు భుజం తట్టి, మా పిల్లలకి కూడా ఒక మంచి ఇల్లు చూసిపెట్టవే అని అడిగారు. ఎస్తేరు కూడా చప్పట్లు కొట్టింది. నిజం చెప్పాలంటే ఆమెకి సంతోషంగానే ఉంది. పిల్ల బతికి ఉంది, శాలువా బాగుంది, ఒకటి పెరగడం అంటే మాటలు కాదు.

సభ అయ్యాక ఇందుమతిగారు కారు దగ్గరికి వెళ్తుంటే ఎస్తేరు వెనకాలే వెళ్లింది. అడగాలా వద్దా అని తటపటాయించి, కొంగు సర్దుకుని అడిగేసింది.

“అమ్మగారూ, రేపటినుంచి బట్టలు కూడా దాని చేత ఉతికించండి. పది అవుద్దేమో చూద్దాం.”