అరవై ఏడో కన్ను

లోకంలో ప్రతి మనిషికీ ఒక గడి ఉంటుందనీ, అందులో ఇమడకపోతే తప్పు మనిషిదే గాని గడిది కాదనీ పెద్దాసుపత్రి కంటి విభాగం ఏనాడో తేల్చేసింది.

అక్కడ రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో ఒక టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. వరుసకు ఒక రోగి: నంబరు, పేరు, వయసు, ఆపరేషన్ చేయాల్సిన కన్ను. మాటకూ మాటకూ మధ్య ఒక ఖాళీ. పూర్వం ముగ్గురు గుమాస్తాలు టీ తాగుతూ ఎవరికి ఏ కన్నో చూసి రాసుకునేవారు. తర్వాత ఒక మేధావి వచ్చి, ప్రతి వరుసలోంచీ నాలుగో మాటను కత్తిరించి ఇచ్చే కమాండ్ ఒక్క లైనులో రాసిపెట్టి, బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ కమాండ్‌కు పటం కట్టించి గోడకు తగిలించారు. (పటం తుడవడానికి ఒక మనిషిని వేశారు. ఫైలు చూడడానికి ఎవరినీ వేయలేదు.)

కుట్టుమిషను అత్తయ్య కుడికంట్లో పొర ముదిరి, సూదిలో దారం ఎక్కించలేక ఆ విభాగానికి వచ్చింది. వీధి వీధంతా ఆమెను అత్తయ్యా అనే పిలుస్తుంది. వెంట వచ్చింది మాత్రం సొంత కోడలు. కోడలు మంచిదే. అయినా కన్ను పోతే మిషను మూలపడుతుందనీ, ఆ తర్వాత ప్రతిదానికీ ఒకరి ముందు చేయి చాచాలనీ అత్తయ్యకు లోపల ఒకటే బెంగ.

ఆపరేటర్ తెరకేసి చూశాడు.

"మీకు ఆపరేషన్ అరవై ఏడో కంటికమ్మా."

"నాకున్నవి రెండే కదా నాయనా."

"అది మీరంటున్నారు. కంప్యూటర్ అనట్లేదు."

సంగతేమిటంటే, అత్తయ్య పేరు రెండు మాటలు. తండ్రి ఒకటీ, నాయనమ్మ ఒకటీ పట్టుబట్టి పెట్టినవి. దాంతో వరుసంతా ఒక అడుగు పక్కకు జరిగి, కన్ను ఉండాల్సిన చోట వయసొచ్చి కూర్చుంది. కోడలు తెర మీద వేలు పెట్టి చూపించింది.

"అది మా అత్తయ్య వయసండీ!"

"వయసు మూడోదమ్మా. ఇది నాలుగోది."

"పోనీ, ఆ కమాండ్ మార్చండి."

"పటం కట్టినదాన్ని ఎలా మారుస్తామమ్మా?"

సూపరింటెండెంట్ దయగల మనిషి. అదనపు కళ్ల నిరాకరణ పత్రం అనేదాన్ని అప్పటికప్పుడు ప్రవేశపెట్టాడు. తనకు మిగతా అరవై ఐదు కళ్లూ లేవని రోగి ఒప్పుకోవాలి, నిజంగానే లేవని డాక్టరు ధ్రువీకరించాలి. డాక్టరు టార్చి వేసి చూసి, "బాగా ముదిరింది, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. పత్రం చదివి పెన్ను కింద పెట్టేశాడు.

"ఉన్న కన్నయితే చూస్తాను గాని, చూడని కళ్ల గురించి నేనెలా సంతకం పెట్టేది?"

పేరును ఒక్క మాటగా కలిపేసుకోమని ఆపరేటర్ సలహా ఇచ్చాడు. కలపాలంటే ఆధారం కావాలి. ఉన్న ఆధారాలన్నింటిలోనూ పేరు రెండు మాటలే. చివరికి ఫిర్యాదు పై అంతస్తుకు వెళ్లింది. అక్కడి నుంచి దిగి రాలేదు.

కోడలు పొద్దున్నే పనికి వెళ్లేముందు నాలుగైదు సూదుల్లో దారాలు ఎక్కించి, మిషను పక్కన గుచ్చి వెళ్లేది. అత్తయ్య వాటితోనే రోజు గడిపేది. కొన్నాళ్లకు చొక్కా చేతులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు రావడం మొదలైంది. వీధిలోవాళ్లు మొహమాటానికి తొడుక్కున్నారు, తర్వాత వేరే దర్జీని చూసుకున్నారు. ఎడమ కన్ను కూడా మసకబారిందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం కోడలి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఫిర్యాదును పరిశీలించి రికార్డును సవరించారట.

అత్తయ్య మిషను దగ్గర నుంచి లేచింది. "చదువమ్మా, ఇంతకీ ఏ కన్నట?"

కోడలు ఒకసారి చదివింది. నమ్మలేక మళ్లీ చదివింది.

"అరవై ఎనిమిదోది, అత్తయ్యా."

ఆ రోజు అత్తయ్య పుట్టినరోజని ఇంట్లో అందరూ మర్చిపోయారు. కంటి విభాగం మాత్రం మర్చిపోలేదు.