అత్తగారు పెట్టించిన చిల్లులు

గాజుదారాలు దూర్చే ఉద్యోగం కాబట్టి అతను ఇంటా బయటా దారాల బావ. ఆ పొద్దున అతని పథకం చిన్నదే. రాత్రికి టెలిస్కోపుకు బిగించాల్సిన అల్యూమినియం పలకను ఇంటికి తెచ్చుకున్నాడు. చిల్లుల అంచులు నునుపు చేసి, స్నానం చేసి, పట్టుకెళ్ళాలి. ఒక్కో చిల్లు ఒక్కో మసక గెలాక్సీకి గురి. అందులో దూర్చిన దారం ఆ కాస్త వెలుతురూ మోసుకెళ్ళి స్పెక్ట్రోగ్రాఫుకు అప్పగిస్తే, అది రంగులుగా విడదీస్తుంది. ఈ ఒక్క రాత్రి కోసం ఆ గెలాక్సీలను పరిశీలించే ప్రొఫెసరు ఏడాదిగా కాచుకున్నాడు. పలక పాడైతే బావ ఉద్యోగం ఊడినట్టే.

స్నానం చేసి వచ్చేసరికి పలక వంటింట్లో గిన్నె మీద ఉంది. దానిమీద కడిగిన బీన్సు గింజలు.

"అత్తయ్యా! అది..."

"మంచి పళ్ళెమే తెచ్చావు అల్లుడూ. చేసినవాడికే కళ్ళు లేవు. చిల్లులన్నీ నడిమధ్యన కుప్ప పోశాడు. అంచున నీళ్ళు నిలిచిపోతుంటే మావాడి చేత చుట్టూ పెట్టించాను."

డ్రిల్లు పట్టుకుని బావమరిది నవ్వాడు. "నీ పెట్టెలో మొనతోనే బావా. ఒక్కటీ వంకర పోలేదు."

"నీ మొహం! గెలాక్సీలు లేనిచోట చిల్లులెందుకురా?"

"నీళ్ళు పోవడానికి."

కొత్త పలక చేయించే వ్యవధి లేదు. ఒక గెలాక్సీకి అడ్డంపడ్డ గింజ పొట్టును పెళ్ళాం జడపిన్నుతో పొడిచి తీసింది. ఖాళీ చిల్లులు కనబడితే కొంప మునుగుతుందని, మిగిలిన దారాలన్నీ బావ వాటిలో దూర్చేశాడు.

సాయంత్రం ప్రొఫెసరు కళ్ళజోడు దించాడు. "అంచున ఈ వరసేమిటోయ్?"

"కొత్త పద్ధతండీ."

తెలియదనడం ఆయన పుట్టి ఎరగడు. "ఆఁ, తెలుసు, తెలుసు."

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. బావ ప్రాణాలు అరచేత పెట్టుకుని వెళ్ళాడు. గది నిండా జనం. ప్రొఫెసరు గొంతు పెంచి చెబుతున్నాడు.

"నా గెలాక్సీలకంటే ఆకాశం వెలుతురే ఎక్కువ. ఖాళీ ఆకాశాన్ని విడిగా కొలిచి తీసెయ్యకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే అంచున ఖాళీ చోట్లకు కూడా గురి పెట్టించాను."

తరవాత బావను వసారాలోకి లాగాడు. "ఆ చిల్లులు మరిచేపోయానోయ్! బతికించావు. వచ్చే పలక్కి కూడా ఇవి పెట్టినవాళ్ళ చేతే పెట్టించు. ఎవరు వాళ్ళు?"

"మా అత్తగారండీ."

"ఏం చేస్తుంటారు?"

"బీన్సు గింజలు వడకడుతుంటారండీ."

ప్రొఫెసరు గడ్డం నిమురుకున్నాడు. "ఆఁ, తెలుసు, తెలుసు."

అత్తగారు మాత్రం తన చిల్లుల పళ్ళాన్ని అల్లుడు ఎత్తుకుపోయాడనే ఇప్పటికీ అంటారు.